గడపకు పసుపు కావాలి, సీసం వద్దు

సూరత్‌లోనూ గుజరాత్ అంతటా ఉన్న రంగుల తయారీదారులకు, పంపిణీదారులకు, దుకాణదారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యాపార ప్రముఖులారా,



ఎనామెల్ పసుపు డబ్బా చేతిలోకి తీసుకుని "ఇందులో సీసం ఎంత ఉంది?" అని అడిగితే మీ కౌంటర్ల దగ్గర మాకు వచ్చే జవాబు దాదాపు ఒకటే. నిండు పసుపంటే అలాగే ఉంటుందమ్మా, ఆ మెరుపు రావాలంటే కొంచెం సీసం పడాల్సిందే, అంత భయమైతే క్రీమ్ రంగు వేసుకోండి అంటారు. డబ్బా తిప్పి చూపించమంటే విసుక్కుంటారు. ఈ జవాబును నేను ఒప్పుకోను. మా ఇళ్లకు పసుపు ఎందుకు వేసుకుంటామో, ఆ పసుపులో మీరు ఏం పోసి అమ్ముతున్నారో రెండూ మీ ముందే చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొనేవాళ్లం మేం కాబట్టి మా భాషలో రాశాను. గుజరాతీలోకి, హిందీలోకి మార్చి మీ దుకాణాలకు తెచ్చి ఇస్తాం.

మేం మీకు కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి సాంచాలు (మరమగ్గాలు) నడపడానికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, డిండోలీ, గోడాదరా వీధుల్లో తరాలుగా ఉంటున్నాయి. మా పిల్లల కోసం ఈ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు నడుపుతోంది. మీరు కట్టే చీర బట్ట మా సాంచాల మీద నేసిందే కావచ్చు. దసరాకు ముందు, దీపావళికి ముందు, మళ్లీ ఉగాదికి ముందు మేం మీ దుకాణాలకు వస్తాం. చిన్న డబ్బా పసుపు, ఇంకా చిన్న డబ్బా ఎరుపు, కాస్త తెలుపు. బేరం పెద్దది కాదు గనుక మమ్మల్ని తొందరగా పంపించేస్తారు. ఆ మూడు డబ్బాలూ ఎక్కడికి వెళ్తున్నాయో ఎప్పుడైనా అడిగారా?

మా గడపకు. తెలుగు ఇంట్లో గడప అంటే లక్ష్మి కూర్చునే చోటు. దాన్ని తొక్కనివ్వం, దాని మీద కూర్చుంటే పెద్దవాళ్లు కోప్పడతారు. మా అమ్మమ్మల కాలంలో శుక్రవారం శుక్రవారం గడప కడిగి, పసుపు కొమ్ము అరగదీసో పసుపు నీళ్లలో కలిపో రాసి కుంకుమ బొట్లు పెట్టేవారు. సూరత్ వచ్చాక బతుకు మారింది. తెల్లవారి పాళీకి భర్త, చీరల మీద రాళ్లు అంటించే పనికి భార్య, పది అడుగుల గదిలో అయిదారుగురు. వారం వారం పసుపు రాసే తీరిక ఎవరికి ఉంది? అలా వచ్చింది ఎనామెల్. పండక్కి ఒకసారి నిండు పసుపు వేసి, దాని మీద ఎర్ర బొట్లు, తెల్ల ముగ్గు గీతలు దిద్దితే ఏడాదంతా గడప కళగా ఉంటుంది. ఆ పసుపు ఇప్పుడు గడప దగ్గర ఆగలేదు. దేవుడి గూటి తలుపులు, ద్వారబంధం, కిటికీ చువ్వలు, ఇనుప బీరువా, ఈ మధ్య కొత్త ఫ్లాట్లలో హాలులో టీవీ వెనక ఉండే ఒక గోడ మొత్తం. వెలుతురు సరిగా రాని గదిలో ఆ పసుపు గోడ ఎంత సాయం చేస్తుందో అందులో ఉండేవాళ్లకే తెలుస్తుంది. బతుకమ్మలో తంగేడు పువ్వు లేకుండా మేం ఎలా ఉండలేమో, ఇంట్లో పసుపు లేకుండా అలాగే ఉండలేం. అందుకే "క్రీమ్ వేసుకోండి" అన్న సలహా మాకు సలహాలా వినపడదు.

ఇక ఆ గడప దగ్గర ఏం జరుగుతుందో చూడండి. పాత పసుపు మీద కొత్త పసుపు, దాని మీద మరో ఏడాది పసుపు, పొరలు పొరలుగా పేరుకుంటుంది. తలుపు రాసుకుంటుంది, బిందె తగులుతుంది, చెప్పులు, సైకిలు చక్రం. రంగు పెచ్చులుగా లేస్తుంది, మెత్తటి పొడిగా రాలుతుంది. పండక్కి ముందు ఆ పాత పొరను ఉప్పు కాగితంతో గీకుతారు. ఆ దుమ్ము మంచం కిందికి, నీళ్ల కుండ మీదికి, ఉతికి ఆరేసిన బట్టల మీదికి పోతుంది. నడక రాని పిల్లవాడికి ఇంట్లో ఇష్టమైన చోటు గడపే. అక్కడి నుంచి వీధి కనపడుతుంది. రెండు చేతులూ దాని మీద ఆనించి నిలబడతాడు, తర్వాత ఆ వేళ్లు నోట్లో పెట్టుకుంటాడు. మీరు అమ్మిన డబ్బా ప్రయాణం అక్కడ ముగుస్తుంది.

"కొంచెం సీసం" అంటున్నారు కదా, లెక్క చూద్దాం. నిండు పసుపును చవగ్గా ఇచ్చే పొడి పేరు లెడ్ క్రోమేట్. 1797లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వోక్లాఁ సైబీరియా నుంచి వచ్చిన ఎర్ర ఖనిజంలో క్రోమియం కనుగొన్నాక, ఆ తరువాతి శతాబ్దంలో ఈ పసుపు ప్రపంచమంతా పాకింది. మీకు అది ఎందుకు ఇష్టమో నాకు అర్థమవుతుంది. చౌక. కింద ఉన్నదాన్ని ఒక్క పూతలో కప్పేస్తుంది. ఎండకు పట్టుగా ఉంటుందన్న పేరుంది. కానీ దాని బరువులో 64 శాతం సీసమే. చట్టం ఇంటి రంగుకు పెట్టిన హద్దు 90 పీపీఎం, అంటే కిలో రంగులో 90 మిల్లీగ్రాములు. కిలో రంగులో ఒక్క గ్రాము లెడ్ క్రోమేట్ పడినా 640 మిల్లీగ్రాముల సీసం చేరుతుంది, హద్దుకు ఏడు రెట్లు. ఒక్క గ్రాముతో నిండు పసుపు రాదని మీకు నాకంటే బాగా తెలుసు. మరి ఆ "కొంచెం" ఎక్కడి కొంచెం? ఆ పొడిలో సీసంతో పాటు ఆరో వేలెన్సీ క్రోమియం కూడా ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. మా పెయింటర్ అన్నలు ముక్కుకు గుడ్డ కూడా లేకుండా గీకే దుమ్ములో రెండూ ఉంటాయి.

ఇల్లు, అలంకరణ రంగుల్లో సీసాన్ని కట్టడి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2016 నవంబర్ 1న నిబంధనలు జారీ చేసింది. సర్దుకోవడానికి మీకు ఏడాది గడువిచ్చింది. 2017 నవంబర్ నుంచి అవి అమల్లో ఉన్నాయి. సీసం 90 పీపీఎంకి మించలేదని డబ్బా మీద రాయాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ముక్క లేని డబ్బా మీ అరల్లో ఎందుకు ఉండాలి? ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ ఏళ్లుగా బజారులో డబ్బాలు కొని పరీక్ష చేయిస్తోంది. నీళ్లతో కలిపే ఎమల్షన్లలో సీసం తక్కువని, ఎనామెల్లోనే ఎక్కువని, అందులోనూ పసుపులాంటి నిండు రంగుల్లో మరీ ఎక్కువని ఆ పరీక్షల్లో తేలుతూ వచ్చింది. నిబంధన వచ్చాక కూడా చిన్న తయారీదారుల డబ్బాలు హద్దు దాటుతూనే ఉన్నాయి. పెద్ద కంపెనీలు చాలావరకు మానేశాయి, అంటే మానడం సాధ్యమే. మరి చవక డబ్బా కొనే నేత కార్మికుడి బిడ్డకు, ఖరీదైన డబ్బా కొనే యజమాని బిడ్డకు మెదడు వేరేగా ఉంటుందా?

మీలో కొందరు ఇంకో దారి చూపిస్తారు. ఇది ఇండస్ట్రియల్ రంగు, దీనికి ఆ నిబంధన వర్తించదు అంటారు. మాట నిజమే, నిబంధన ఇంటి రంగులకే పరిమితమైంది. యంత్రాలకు, ఇనుప కట్టడాలకు, రోడ్డు గీతలకు వేసే రంగుల్ని బయట వదిలేసింది. అది ప్రభుత్వం వదిలిన కంత, దాన్ని పూడ్చమని ప్రభుత్వానికి విడిగా రాయాల్సిందే. కానీ ఆ కంతలోంచి మా గడప మీదికి డబ్బాను తోసేది ఎవరు? ఫ్యాక్టరీ రంగూ ఇంటి రంగూ ఒకే అరలో పెట్టి, పండగ వారంలో కుంకుమ రంగు పక్కనే పేర్చి, గడపకు అని అడిగిన ఆడమనిషి చేతిలో పెట్టింది ఎవరు? 50 మిల్లీలీటర్ల డబ్బాతో ఏ కర్మాగారం తన యంత్రాలకు రంగు వేసుకుంటుంది?

సీసం పిల్లల్ని ఏం చేస్తుందో తెలియదని ఈ రోజు ఎవరూ అనలేరు. 1904లోనే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు తన దగ్గరికొచ్చే పిల్లల జబ్బుకు మూలం వాళ్ల ఇళ్ల వరండా కటకటాల మీద రాలుతున్న రంగేనని పట్టుకున్నాడు. పిల్లల చేతులు ఆనే చోటు, పొడిగా రాలే రంగు, నోట్లోకి వెళ్లే వేళ్లు. నూట ఇరవై ఏళ్ల కిందటి ఆ కటకటాలను చదువుతుంటే నాకు మా గడపలే కనపడ్డాయి. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ల లోపలి రంగుల్లో తెల్ల సీసాన్ని వద్దంటూ ఒడంబడిక చేసింది. అమెరికా 1978లో ఇంటి రంగుల్లో సీసాన్ని నిషేధించి, 2009లో హద్దును 90 పీపీఎంకి దించింది. మన దేశంలో డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ వంటి పరిశోధకులు బెంగళూరు నుంచి దశాబ్దాలుగా ఇదే చెబుతూ వచ్చారు. 2000 సంవత్సరానికల్లా పెట్రోలు నుంచి సీసం తీసేశాం, బళ్లు ఆగిపోలేదు.

శరీరం సీసాన్ని కాల్షియం అనుకుని లోపలికి రానిస్తుంది. ఎముకల్లో దాచుకుంటుంది. ఆడపిల్ల పెద్దదై గర్భవతి అయినప్పుడు ఆ ఎముకల్లోంచి కరిగి కడుపులోని బిడ్డకు చేరుతుంది. తిన్న సీసాన్ని పెద్దవాళ్ల కంటే పసిపిల్లలు నాలుగైదు రెట్లు ఎక్కువగా ఒంట్లోకి పీల్చుకుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తహీనత ఉన్న పిల్లలు ఇంకా ఎక్కువ పీల్చుకుంటారు, మా వీధుల్లో రక్తహీనత లేని పిల్లలు ఎంతమంది? ఫరవాలేదు అనదగ్గ మోతాదంటూ ఏదీ లేదు. జ్వరం రాదు, దద్దురు రాదు. చదువు ఎక్కదు, కుదురు ఉండదు, లెక్కలు రావు. తల్లి కొడుతుంది, మాస్టారు మొద్దు అంటారు. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉంది. వాళ్లలో మన దేశపు పిల్లలే 27 కోట్లకు పైన. బ్యాటరీలు, మసాలాలు, వంట గిన్నెలు, ఎన్నో దారుల్లో చేరుతుంది అది. మీరు ఆ దారుల్లో ఒకటి. మిగతావి ఉన్నాయి కాబట్టి మీ దారి తెరిచే ఉంచుతామంటారా?

సీసం లేకపోతే మెరుపు రాదన్న మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే మా నోరు మూయించేది ఆ మాటే. అమెరికాలో బడి బస్సులన్నీ పసుపు రంగులో ఉంటాయి. 1939లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు పిలిచిన సమావేశంలో ఆ రంగు ఖాయమైంది. అప్పట్లో దాని పేరులోనే క్రోమ్ ఉండేది, అందులో సీసం ఉండేది. తర్వాత సీసం తీసేశారు, పేరు కూడా మార్చారు. బస్సు ఈ రోజుకీ పసుపుగానే ఉంది, పొగమంచులో కూడా కనపడుతూనే ఉంది. ఎండకు, వానకు, మంచుకు నిలిచే పసుపు సీసం లేకుండా చేయగలిగినప్పుడు నాలుగడుగుల గడపకు చేయలేరా? పోనీ లెడ్ క్రోమేట్ అంత చావులేని రంగా? వాన్ గో 1888లో ఆర్ల్ పట్టణంలో పొద్దుతిరుగుడు పూలకు వేసింది ఈ క్రోమ్ పసుపే. వెలుతురు తగిలి అలాంటి పసుపు గోధుమరంగుకు తిరుగుతోందని, క్రోమియం స్థితి మారడమే కారణమని 2011లో శాస్త్రవేత్తలు తేల్చారు. గొప్ప చిత్రకారుడి చేతిలోనే వెలిసిపోయిన రంగు గురించి శాశ్వతమని మా దగ్గర ఎందుకు చెబుతారు?

బదులు రంగులు మీ ఇంటి దగ్గరే ఉన్నాయి. వాపి, అంకలేశ్వర్, అహ్మదాబాద్ వట్వా పారిశ్రామికవాడల్లో పిగ్మెంట్లు చేసేవాళ్లకు కొదవ లేదు. అజో పసుపులున్నాయి. కాస్త ముదురు, మట్టి రంగు పసుపు కావాలంటే ఐరన్ ఆక్సైడు ఉంది, మన తాతలు సున్నంలో కలుపుకున్న పచ్చమట్టికి చుట్టమే అది. ధర పెట్టగలిగితే బిస్మత్ వెనడేట్ ఉంది, నిండుగానూ ఉంటుంది, కింది రంగును కప్పుతుంది, ఎండకూ ఆగుతుంది. అజో పసుపుతో వచ్చే ఇబ్బంది ఒకటే, కింది రంగు లోపలి నుంచి కనపడుతుంది. దానికి విరుగుడు మా పెయింటర్లకు తెలుసు. ముందు తెల్ల ప్రైమర్, అది ఆరాక పలచగా రెండు పూతలు పసుపు. గడపంత చోటుకు ఆ అదనపు పూత ఖర్చు ఎంతవుతుంది? ఆ నాలుగు రూపాయలు మేం ఇస్తాం. మమ్మల్ని అడిగారా ఎప్పుడైనా? పేదవాళ్లు చవకదే అడుగుతారు అని మీరే అనేసుకుని, మా పేరు చెప్పి మా పిల్లలకు విషం అమ్మడం న్యాయమా?

జనం అడగరు, అధికారులు రారు, కాబట్టి ఏదీ మారదన్న ధీమా మీలో కొందరికి ఉంది. మారిన చోటు చూపిస్తాను. బంగ్లాదేశ్‌లో వంటపసుపుకు రంగు రావడానికి ఇదే లెడ్ క్రోమేట్ కలిపేవారు. మీరు డబ్బాలో పోసేదే, వాళ్లు కూరలో పోశారు. 2019లో పరిశోధకులు అది బయటపెట్టాక ఆహార భద్రతా సంస్థ కదిలింది. ఢాకా టోకు బజారులో దాడి చేసి జరిమానా వేశారు, పత్రికల్లో వేశారు, బజారు బజారునా నోటీసులు అంటించారు. బజారు నమూనాల్లో 47 శాతంలో ఉన్న సీసం 2021 నాటికి సున్నాకి వచ్చింది. రెండేళ్లలో. కొత్త యంత్రమేదీ కనిపెట్టలేదు, కలపడం ఆపారు, అంతే.

అంత దూరం కూడా అక్కర్లేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చి ఈ ఊరు ఖాళీ అయింది. మా వాళ్లు సాంచాలు ఆపి మూటలు కట్టుకుని రైలెక్కారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు అధికారులను గదుల్లోంచి వీధుల్లోకి పంపారు. అపరిశుభ్రంగా ఉన్న చోట పెద్ద హోటలా చిన్న బండా అని చూడలేదు. రెండేళ్లు తిరగకుండానే ఊరి ముఖం మారింది. అదే ఊరు 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. వీధి చెత్తను ఓడించిన ఊరు ఇంటి లోపలి దుమ్మును ఓడించలేదంటే నేను నమ్మను. ఆ గెలుపులో సూరత్ వ్యాపారులుగా మీకూ భాగం ఉందని ఇన్నాళ్లూ గర్వంగా చెప్పుకున్నారు కదా, ఇప్పుడు వంతు నేరుగా మీదే.

మీ నుంచి మేం కోరేది చిన్నదేమీ కాదు, అసాధ్యమూ కాదు. తయారీదారులు లెడ్ క్రోమేట్ కొనడం మానాలి, ఇంటి రంగుకైనా ఇండస్ట్రియల్ రంగుకైనా. నిబంధన అడగని చోట కూడా మానాలి, ఎందుకంటే డబ్బా గేటు దాటాక ఎవరి గడప మీదికి పోతుందో మీ చేతిలో ఉండదు. గుర్తింపు పొందిన ల్యాబు ఇచ్చిన పరీక్ష ఫలితం బ్యాచి నంబరుతో సహా అడిగినవాళ్లకు చూపించాలి. పంపిణీదారులు పేరూ చిరునామా లేని డబ్బాలను, పెద్ద డబ్బాలోంచి చిన్నవాటిలోకి ఒంపిన రంగును ఎత్తుకోకూడదు. దుకాణదారులు ఇండస్ట్రియల్ రంగును వేరే గదిలో పెట్టాలి, ఇంటికి అన్నవాళ్లకు అది ఇవ్వకూడదు. సీసం వివరం గుజరాతీలో, హిందీలో, తెలుగులో, ఒడియాలో, మరాఠీలో రాసి కౌంటరు మీద పెట్టాలి, ఈ ఊళ్లో రంగు కొనేవాళ్లు ఆ భాషల వాళ్లే. ఇప్పుడు అరల్లో ఉన్న పాత సరుకును తగ్గింపు ధరకు పండగలో వదిలించుకునే ఆలోచన మాత్రం దయచేసి చేయకండి. దాన్ని తయారుచేసినవాళ్లకే తిరిగి పంపండి.

మా వైపు పని మేం మొదలుపెట్టాం. పాత గడపను పొడిగా గీకవద్దని, నీళ్లతో తడిపి రుద్దాలని, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ పూట పక్కింటికి పంపాలని, తర్వాత చీపురు కాకుండా తడిగుడ్డతో తుడవాలని ఇంటింటికీ చెబుతున్నాం. పెచ్చులు లేవని చోట కదిలించకుండా పైన కొత్త పూత వేసుకోమంటున్నాం. మా పెయింటర్ అన్నలు లేబుల్ లేని డబ్బా మూత తీయబోమంటున్నారు. దుకాణానికి వచ్చినప్పుడు మేం డబ్బా తిప్పి చూస్తాం, 90 పీపీఎం ముక్క కోసం వెతుకుతాం, లేకపోతే బల్ల మీద పెట్టేసి పక్క దుకాణానికి పోతాం.

ఏటా అక్టోబరులో ప్రపంచమంతా సీసం విష నివారణ వారం జరుపుతారు. మాకు ఏడాదిలో ఎక్కువ రంగు కొనే రోజులూ దాదాపు అవే. వచ్చే అక్టోబరుకు ముందే మీ రంగుల వ్యాపారుల సంఘం ఒక సమావేశం పెట్టి, ఏ తయారీదారు లెడ్ క్రోమేట్ మానేశాడో, ఏ దుకాణం లేబుల్ లేని సరుకు అమ్మడం ఆపిందో పేర్లతో జాబితా ప్రకటించండి. మా వీధి సంఘాల తరఫున ఆ సమావేశానికి వస్తాం, మా బడుల ఉపాధ్యాయుల్నీ తీసుకొస్తాం. జాబితాలో ఉన్న దుకాణాల పేర్లు దసరా ముందు మా వీధి వీధిలో మేమే చదువుతాం. తేదీ ఎప్పుడో చెప్పండి.

ఇట్లు,
లింబాయత్, సూరత్ నుంచి
సాంచా కార్మికుల ఇంటి ఆడపడుచు